‘పై’కి కనిపించని చరిత్ర

అమెరికాలో ఉన్న మనవాళ్ళకి నవంబరు నెలొచ్చిందంటే ఆఫీసు పాట్‌లక్ తప్పదు. ఆ బల్ల మీద తప్పకుండా కనిపించేది ‘పై’. ఆపిల్ పై, గుమ్మడికాయ పై, పీకాన్ పై.. ఏదో ఒకటి. తెచ్చినవాళ్ళు "ఇది మా అమ్మమ్మ రెసిపీ, క్రస్ట్ కూడా స్క్రాచ్ నుంచి చేశా" అని ఓ మాట అనకుండా ఉండరు. మనం కూడా "ఇంట్లో చేసిందా, అయితే మంచిదే" అనుకుని ఇంకో ముక్క వేసుకుంటాం.

ఆ అమ్మమ్మకి వంట నేర్పిందెవరు, ఆ స్క్రాచ్ ఎక్కణ్ణుంచి మొదలు అని కాస్త తవ్వితే మాత్రం భలే సంగతులు బయటపడతాయి.

పై ఎప్పుడూ తిననివాళ్ళ కోసం ముందో మాట. క్రస్ట్ అంటే మైదా, కొవ్వు, ఉప్పు, చన్నీళ్ళు కలిపి, పల్చగా వత్తి, గిన్నెలా పరిచే పొర. దాంట్లో పళ్ళో మాంసమో పెట్టి ఓవెన్‌లో కాలుస్తారు. మన కజ్జికాయకి దూరపు చుట్టం అనుకోండి.

మొదట్లో ఇది తిండి కన్నా డబ్బాకే దగ్గర. మధ్యయుగాల ఇంగ్లండులో దీన్ని ‘కాఫిన్’ అనేవాళ్ళు. కంగారు పడకండి, ఆ మాటకి అసలర్థం పెట్టె, బుట్ట అనే. శవపేటిక అన్న అర్థం తర్వాత వచ్చి స్థిరపడింది. 1390 ప్రాంతంలో రెండో రిచర్డ్ రాజుగారి వంటవాళ్ళు రాసిన ‘ఫోర్మ్ ఆఫ్ క్యూరీ’లో కూడా ఈ కాఫిన్లున్నాయి. (పేరు చూసి మన కూర అనుకునేరు! అక్కడ క్యూరీ అంటే వంట.) మందంగా గోడలు కట్టి, లోపల మాంసం పెట్టి, మూత వేసి కాల్చేవాళ్ళు. మూకుడూ అదే, మూతా అదే.

1747లో హానా గ్లాస్ అనే ఆవిడ రాసిన వంటల పుస్తకం ఇంగ్లండులో పెద్ద హిట్టు. అందులో పెద్ద పైల కోసం, మరిగే నీళ్ళతో కొవ్వు కలిపి చేసే గట్టి క్రస్ట్ ఒకటి. మాంసం కాల్చినప్పుడు కారే కొవ్వుతో చేసేది ఇంకోటి. 1796లో అమెరికాలోని హార్ట్‌ఫోర్డ్‌లో అమీలియా సిమన్స్ పుస్తకం అచ్చయింది. ఒక అమెరికన్ రాయగా అమెరికాలో అచ్చయిన మొదటి వంటల పుస్తకం అదే. అందులో వెన్న, పందికొవ్వు. లెక్క సింపుల్: పంది ఉన్నవాడు పందికొవ్వు వేశాడు, ఆవున్నవాడు వెన్న వేశాడు. కొవ్వు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇంట్లో అందరికీ తెలుసు.

ఇంతకీ కొవ్వు గురించి ఇంత గోల ఎందుకంటారా? పై క్రస్ట్‌లో అసలు పని దానిదే. మైదాలో గ్లయడిన్, గ్లుటెనిన్ అని రెండు ప్రొటీన్లుంటాయి. నీళ్ళు పోసి పిసికితే అవి అల్లుకుని గ్లూటెన్ అనే సాగే వల తయారవుతుంది. (పిండిలోంచి దీన్ని విడదీసిన సంగతి 1745లో ఇటలీ శాస్త్రవేత్త బెకారి ప్రచురించాడు.) పరోటాకి ఆ సాగుడు కావాలి, పైకి వద్దు. కొవ్వు పిండి రేణువులకి పూతలా పట్టుకుని నీళ్ళని దగ్గరికి రానివ్వదు. దాంతో వల పూర్తిగా అల్లుకోదు, కొరికితే పెళుసుగా విరుగుతుంది. ఇంగ్లీషువాళ్ళు ఈ గుణాన్ని ‘షార్ట్’ అంటారు. అందుకే ఆ కొవ్వుకి షార్టెనింగ్ అని పేరు. నన్నడిగితే మన ‘గుల్ల’ అన్న మాట అంతకన్నా బావుంటుంది. కజ్జికాయల పిండిలో కాచిన నెయ్యి పోసి, పిడికిట్లో పట్టి ముద్ద నిలబడుతుందా లేదా అని మన అమ్మలు చూసేది ఈ కెమిస్ట్రీనే. జంతికల్లో వెన్న వేసేదీ దీనికే.

ఇక్కడే కథ మలుపు తిరుగుతుంది. 1902లో జర్మనీలో విల్‌హెల్మ్ నార్మన్ అనే కెమిస్టు ద్రవంగా ఉండే నూనెల్లోకి హైడ్రోజన్ ఎక్కించి గట్టిపరిచే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. 1907లో కైజర్ అనే ఇంకో కెమిస్టు ఈ విద్య పట్టుకుని సిన్సినాటిలోని ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్‌కి వెళ్ళాడు. అది సబ్బులూ కొవ్వొత్తులూ చేసే కంపెనీ. కరెంటు దీపాలొచ్చి కొవ్వొత్తుల బేరం పడిపోతోంది. సబ్బు కోసం పత్తిగింజల నూనె ఎలాగూ కొంటున్నారు. గట్టిపరిచి చూస్తే తెల్లగా, అచ్చం పందికొవ్వులా తయారైంది. ఇంకేం, 1911లో ‘క్రిస్కో’ పేరుతో డబ్బాలకెత్తి వంటింట్లోకి పంపించారు.

టైమింగ్ కూడా కలిసొచ్చింది. 1906లో అప్టన్ సింక్లెయిర్ రాసిన ‘ది జంగిల్’ నవల చికాగో మాంసం ఫ్యాక్టరీల కుళ్ళు బయటపెట్టింది. ఫ్యాక్టరీ పందికొవ్వంటే జనానికి వెగటు పుట్టింది. క్రిస్కో చూస్తే తెల్లగా ఉంది, జంతువుతో పనిలేదు. 1913లో కంపెనీయే ఓ పుస్తకం వేసింది, అందులో 615 వంటలు. ఎక్కడ చూసినా క్రిస్కోయే. ఒకటి రెండు తరాలు గడిచేసరికి ఆ వంటలే "మా అమ్మమ్మ రెసిపీ" అయిపోయాయి. అన్ని రెసిపీలూ అలాంటివే అని కాదుగానీ, డబ్బా వెనక అచ్చేసింది చూసి చేతిరాతలో ఎక్కించుకున్న వంటపుస్తకాలకి కొదవ లేదు.

నవ్వుకోకండి, మన వంతూ ఉంది. 1937లో లీవర్ వాళ్ళు మన దేశంలో డాల్డా తెచ్చారు. హాలండ్ నుంచి ఈ గట్టి నూనె దిగుమతి చేసే ‘దాదా’ కంపెనీ పేరు మధ్యలో లీవర్ ‘ల’ చేరిస్తే డాల్డా అయింది. క్రిస్కో పందికొవ్వుని తోసేస్తే, ఇది నెయ్యికి ఎసరు పెట్టింది. పెళ్ళి వంటలు, మిఠాయి కొట్లు, బేకరీ పఫ్‌లు అన్నిట్లోకీ అదే. డబ్బా ఖాళీ అయితే అందులో తులసి మొక్క. ఏ కంపెనీ వనస్పతినైనా డాల్డా అనే పిలిచాం, అంతగా ఇంట్లో మనిషైపోయింది.

మరి ఆ తెల్లటి కొవ్వులో ఏముంది? నూనెని సగంలో ఆపి గట్టిపరిస్తే ట్రాన్స్ ఫ్యాట్ అనే కొవ్వు తయారవుతుంది. ఫ్రెడ్ కుమరో అనే ప్రొఫెసరు, ఇలినాయ్ యూనివర్సిటీ ఆయన, 1957లోనే చనిపోయినవాళ్ళ శరీరాల్లో ఈ కొవ్వు పేరుకుని ఉందని రాశాడు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1990లో డచ్ పరిశోధకులు ఇది చెడ్డ కొలెస్ట్రాల్ పెంచి, మంచిదాన్ని తగ్గిస్తుందని తేల్చారు. డెన్మార్క్ 2003లో హద్దు పెట్టింది. అమెరికా మాత్రం తాపీగానే ఉంది. చివరికి 2013లో కుమరో, 98 ఏళ్ళ వయసులో, ప్రభుత్వ ఆహార సంస్థ మీద కోర్టుకెక్కాడు! 2015లో ఆ సంస్థ ఇది సురక్షితం కాదని ప్రకటించి, కంపెనీలకి 2018 వరకూ గడువిచ్చింది. ఆ ప్రకటన వచ్చేనాటికి ఆయనకి నిండు నూరేళ్ళు. 2017లో పోయాడు. మన దేశంలో నూనెలు, కొవ్వుల్లో ట్రాన్స్ ఫ్యాట్ 2 శాతం మించకూడదన్న నిబంధన 2022 జనవరి నుంచి ఉంది. ఇప్పటి క్రిస్కోలో కూడా ఆ పాత రకం నూనెలు లేవు.

1911 నుంచి 2018 దాకా లెక్కేసుకోండి, వందేళ్ళ పైమాట. అన్నేళ్ళూ ఎంతమంది తల్లులు "బయటిది వద్దు, ఇంట్లో చేస్తా" అని ప్రేమగా వత్తి, కాల్చి పెట్టారో! తప్పు వాళ్ళ చేతిది కాదు, డబ్బాలోది. మనవాళ్ళకి తేలిగ్గా అర్థమయ్యేలా చెప్పాలంటే, ప్రోగ్రామంతా మనమే స్క్రాచ్ నుంచి రాసినా లోపల వాడిన లైబ్రరీలో బగ్గుంటే మన కోడు ఎంత శుభ్రంగా ఉండి ఏం లాభం?

అలాగని ఇంట్లో చేసుకోవడం దండగ అనను. చేసుకోండి, చాలా తేలిక. తూకంలో మూడు వంతులు మైదా, రెండు వంతులు వెన్న, ఒక వంతు నీళ్ళు. అంటే 180 గ్రాముల మైదా, 120 గ్రాముల ఉప్పులేని చల్లటి వెన్న, 60 మిల్లీలీటర్ల ఐసు నీళ్ళు, అర చెంచా ఉప్పు. వెన్నని ముక్కలు కోసి పిండిలో వేసి, బఠాణీ గింజంత ముక్కలు మిగిలేలా వేళ్ళతో నలపండి. నీళ్ళు కొంచెం కొంచెంగా చల్లుతూ ముద్ద అయ్యేవరకే కలపండి, చపాతీ పిండిలా పిసికితే చెడుతుంది. అరగంట ఫ్రిజ్‌లో పెట్టి వత్తండి. మన ఎండలకి వెన్న చేతిలోనే కరుగుతుంది కాబట్టి ఈ ఫ్రిజ్ ముక్క మర్చిపోవద్దు. ముందే కరిగితే పొరలు రావు. ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర వెన్నలోని నీరు ఆవిరై పైకి తోస్తేనే పొరలు విడతాయి.

అన్నట్టు స్క్రాచ్ అంటే ఏమిటనుకున్నారు? పరుగు పందెంలో నేలమీద గీసే గీత. ఏ వెసులుబాటూ లేకుండా ఆ గీత దగ్గర్నుంచే మొదలెట్టడాన్ని అలా అనేవాళ్ళు. వంటలో ఆ గీత ఎక్కడుందో చూసుకోవడం మాత్రం మన పనే. నా మటుకు అది పిండి కలిపే గిన్నె దగ్గర లేదు, కొట్లో ప్యాకెట్ తిప్పి వెనక చిన్న అక్షరాలు చదివే చోట ఉంది.