పొత్తిగుడ్డ చెప్పే కథ



చరిత్ర అనగానే మనకి రాజులు, కోటలు, యుద్ధాలు గుర్తుకొస్తాయి. దండెం మీద ఆరేసిన పొత్తిగుడ్డకి కూడా ఓ చరిత్ర ఉందంటే నవ్వుతారేమో! ఉందండీ. పసిబిడ్డ తొడలు, పిర్రలు ఎర్రగా కంది, ఒరుసుకుపోయి, నీళ్ళు తగిలితే చాలు కెవ్వుమని ఏడుస్తుంది చూడండీ, దాన్నే ఇప్పుడు డయపర్ రాష్ అంటున్నాం. ఆ బాధ తప్పించడానికి ఆడవాళ్ళు పడ్డ పాట్ల కథ ఇది.

మన కోనసీమ సంగతే తీసుకోండి. ఇటు గౌతమి, అటు వసిష్ఠ, కింద సముద్రం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవలూ వచ్చాయి. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లో గుడ్డ ఉతకడానికి నీళ్ళకి కరువు లేదు. ఆరడానికే కరువు! ముసురు పట్టిందంటే వసారాలో కట్టిన దండెం నిండా గుడ్డలే. కుంపటి మీద గంప బోర్లించి, దానిమీద ఒక్కొక్క గుడ్డా ఆరబెట్టుకునేవారు.

ఆ గుడ్డలు ఎక్కడివి? పాత నేతచీరలు, పాత పంచెలు. ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలుగుడ్డ తడిని పీల్చుకుంటుంది, గాలిని ఆడనిస్తుంది. బిడ్డకి కొత్తగుడ్డ వెయ్యకూడదని పెద్దవాళ్ళు అనడంలో ఇంత అర్థం ఉంది. పైగా చాలాసేపు బిడ్డకి గోచీ అనేదే ఉండేది కాదు. ఒళ్ళో గుడ్డ పరిచి పడుకోబెట్టేవారు. తడిస్తే ఆ తడి ముందు తల్లికే తెలిసేది!

మరి వాటిని ఉతికిందెవరు? ఈ మాట మనం తరచు మర్చిపోతాం. పురిటి మైల అని ఇంటివాళ్ళు ముట్టుకోని గుడ్డల్ని చాకలి స్త్రీ మూటకట్టి తీసుకెళ్ళేది. చౌడు వేసి, చాకిబానలో ఉడికించి, ఎండలో ఆరేసి తెచ్చేది. ఉడికిస్తే సూక్ష్మజీవులు చస్తాయని ఆనాడు పుస్తకాల్లో చదివినవారు ఆ ఇళ్ళల్లో ఎంతమంది? ఆ పని మాత్రం ఆమె చేతులమీదుగా జరిగిపోయేది. బిడ్డ ఒళ్ళు బాగుందని తల్లిని మెచ్చుకున్నారు గాని, ఆమెని పక్కన కూర్చోబెట్టినవారు అరుదు.

ఇక బయటి ప్రపంచానికి వద్దాం. ఈ రాష్ ఎందుకొస్తుందో డాక్టర్లకీ చాలాకాలం సరిగ్గా అంతుపట్టలేదు. 1921లో అమెరికాలో కుక్ అనే వైద్యుడు, గుడ్డలో మూత్రాన్ని అమ్మోనియాగా మార్చే సూక్ష్మజీవిని పట్టుకుని, ఇదే దోషి అన్నాడు. దాంతో ఆ క్రిమిని చంపాలని మందులు, పొడులు. క్యారమ్‌బోర్డు మీద చల్లుతారే, ఆ బోరిక్ పౌడరు పసిపిల్లల ఒంటిమీదా చల్లారు. ఒరుసుకుపోయిన చర్మంలోంచి అది ఒంట్లోకి దిగి విషమైంది. 1953లో మాంట్రియల్ వైద్యులిద్దరు బోరిక్ ఆసిడ్ విషమైన కేసులు ప్రపంచం మొత్తమ్మీద 109 పోగుచేసి ప్రకటించారు. 1972లో ఫ్రాన్సులో ఇంకా ఘోరం. ఓ బేబీ పౌడరులో హెక్సాక్లోరోఫీన్ అనే మందు పొరపాటున మోతాదు మించి కలిసింది. 36 మంది పసివాళ్ళు చనిపోయారు. పిల్లల మంచికే కదా ఆ తల్లులు పౌడరు అద్దింది!

తీరా 1977లో అమెరికా వైద్యులు పోల్చి చూస్తే, రాష్ ఉన్న పిల్లల్లోనూ లేని పిల్లల్లోనూ అమ్మోనియా దగ్గర తేడా కనబడలేదు. అసలు గుట్టు 1986లో తేలింది. మూత్రంతో చర్మం మీద క్షారగుణం పెరుగుతుంది. అప్పుడు మలంలో ఉండే, ఆహారాన్ని అరిగించే రసాలు చురుకెక్కి, నానిపోయిన చర్మాన్నే తినడం మొదలెడతాయి. అంటే దోషం తడిదీ, రెండూ కలిసి అంటిపెట్టుకుని ఉండే సమయానిదీ. చంపవలసిన క్రిమి కాదు, మార్చవలసిన గుడ్డ!

1961లో అమెరికాలో పాంపర్స్ అమ్మకానికొచ్చింది. 1980లలో తడిని జిగురులా పట్టి ఉంచే పొడి డయపర్లలో చేరింది. ఇవాళ కోనసీమ పల్లెల్లో కిరాణా కొట్లోనూ అవి వేలాడుతున్నాయి. తప్పని నేననను. రాత్రి నిద్ర లేని బాలింతకి అది సాయమే. కానీ పొడిగా కనబడుతోంది కదా అని పూటల తరబడి ఉంచితే పాత కథే మళ్ళీ మొదలు.

కాబట్టి ఏం చెయ్యాలి? గుడ్డయినా డయపరైనా తడవగానే, విరేచనమైతే ఆ క్షణమే మార్చండి. మామూలు నీళ్ళతో కడిగి, రుద్దకుండా అద్ది తుడవండి. రోజూ కాసేపు గోచీ లేకుండా గాలి తగలనివ్వండి. గుడ్డలు ఉతికాక సబ్బూ సోడా పూర్తిగా పోయేదాకా జాడించండి. జింకు ఆక్సైడు మలాము పల్చగా రాస్తే తడికి అడ్డుగా ఉంటుంది. పౌడరు జోలికి వెళ్ళకండి, ఆ ధూళి పీలిస్తే ఊపిరితిత్తులకి చేటు. తల్లిపాలు తాగే బిడ్డ మలంలో ఆ మంట పెట్టే గుణం తక్కువ, అదో మేలు. రెండు మూడు రోజులకీ తగ్గకపోయినా, చుట్టూ ఎర్రటి చుక్కలు లేచినా, పొక్కులు చీము పట్టినా, జ్వరం వచ్చినా డాక్టరుకి చూపించండి. ఒక్కోసారి అది బూజుజాతి క్రిమి పని. నూనెతో పోదు.

చివరగా ఒక్కమాట. ఇంత చరిత్రా తిరిగి తిరిగి తేల్చింది, బిడ్డని పొడిగా ఉంచే చేతులు కావాలనే. ఒకప్పుడు ఆ చేతులు చాకలి స్త్రీవి, ఆ తరవాత ఒంటరిగా తల్లివి. ఇకనుంచి తండ్రివి కూడా ఎందుకు కాకూడదు? అర్ధరాత్రి బిడ్డ ఏడిస్తే, ఈసారి గుడ్డ మార్చమని ఆయన్నే లేపి చూడండి. సెలవు.