ఊరు రాసుకొన్న చరిత్ర: మెట్ట కృష్ణాలో పాలెం సంఘాల జ్ఞాపకం

తెలుగు క్రైస్తవ సంఘ చరిత్ర అనగానే మన వేదాంత విద్యార్థులకు ముందుగా జ్ఞాపకం వచ్చేవి మిషనెరీల పేర్లు, వారు వచ్చిన సంవత్సరాలు. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ గార్లు బందరులో సేవ ఆరంభించారు. 1842లో ఫాదర్ హయ్యరు గారు గుంటూరు చేరారు. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో జాన్ క్లౌ గారి సేవలో ఒక్క దినమందే 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఈ సంగతులు మనకు కంఠతా వచ్చు. అయితే ఆ 2,222 మందిలో పదిమంది పేర్లు చెప్పమంటే చెప్పగలవారు ఎందరు? సంఖ్య మిగిలింది, మనుష్యులు మరుగునపడ్డారు.

ఒక ఊరివారు తమ చరిత్రను తామే రాసుకొన్నప్పుడు ఏమి దక్కుతుంది, ఏమి జారిపోతుంది అన్నది ఈ వ్యాసంలో పరిశీలిద్దాం. ఇందుకు కెనడా గడ్డి మైదానాలలో వలస రైతులు రాసుకొన్న గ్రామ చరిత్రలను ఒక నమూనాగా తీసుకొని, ఆ వెలుగులో మెట్ట కృష్ణాలోని వీరులపాడు, నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతపు సంఘాల స్థితిని చూద్దాం.

1. గడ్డి మైదానాల గ్రామ చరిత్రలు

కెనడా దేశపు పశ్చిమ భాగంలో మానిటోబా, సస్కాచెవాన్, అల్బెర్టా అనే మూడు రాష్ట్రాలున్నాయి. అక్కడి విశాలమైన గడ్డి మైదానాలను ప్రెయిరీలు అంటారు. 1872లో చేసిన భూముల చట్టం ప్రకారం పది డాలర్ల రుసుము చెల్లించినవారికి 160 ఎకరాలు కేటాయించేవారు. మూడేళ్లు అక్కడ కాపురముండి, ఇల్లు కట్టి, నేల దున్నితే పట్టా దక్కేది. 1885లో పసిఫిక్ రైలుమార్గం పూర్తయింది. ఆ తరువాత ఐరోపానుండి, తూర్పు కెనడానుండి, అమెరికానుండి జనం తరలివచ్చారు. 1905లో సస్కాచెవాన్, అల్బెర్టా రాష్ట్రాలు ఏర్పడ్డాయి.

1980లో ఈ రెండు రాష్ట్రాలు 75 సంవత్సరాల పండుగ చేసుకొన్నాయి. ఆ సందర్భంలో చిన్న చిన్న ఊళ్లు సైతం తమ చరిత్రలను అచ్చువేసుకొన్నాయి. అటువంటి పుస్తకాలు వందల సంఖ్యలో వచ్చాయి. వాటిని రాసినది చరిత్ర పండితులు కారు. ఊరిలో ఒక కమిటీ ఏర్పడేది. ప్రతి కుటుంబం తన కథను తానే రాసి పంపేది. బడి, గుడి, రైల్వే స్టేషను, పోస్టాఫీసు, ధాన్యం గోదాములకు వేర్వేరు అధ్యాయాలుండేవి. చాలా చోట్ల ఉత్తరాలు రాసి, ఫోటోలు సేకరించి, ఈ పని భారం మోసినవారు స్త్రీలే. ఏ విశ్వవిద్యాలయమూ పట్టించుకోని సామాన్య రైతు కుటుంబం పేరు ఈ విధంగా గ్రంథాలయానికి ఎక్కింది. ఇది గొప్ప మేలు.

అయితే ఈ పుస్తకాలకు ఒక లోపమున్నది. వాటిలో చాలా భాగం మొదటి వలసరైతు బండి దిగిన రోజుతో ఆరంభమౌతాయి. అంతకు ముందు ఆ నేల ఖాళీగా ఉన్నట్లు కనబడుతుంది. నిజానికి క్రీ, బ్లాక్‌ఫుట్ మొదలైన ఆదివాసీ జనులు తరతరాలుగా అక్కడ జీవించారు. 1871 మొదలు 1877 వరకు ప్రభుత్వం వారితో ఏడు ఒడంబడికలు చేసుకొని, వారిని చిన్న రిజర్వులకు పరిమితం చేసిన తరువాతనే ఆ భూములు పంపకానికి వచ్చాయి. ఆ ఒడంబడికల ఊసు ఈ పుస్తకాలలో అరుదు. పంటలు పోయి భూమి వదలి వెళ్లిపోయిన కుటుంబాల కథలు కూడా తక్కువే. నిలిచినవారు రాశారు, వెళ్లినవారిని అడిగేవారు లేకపోయారు.

2. మన నేలమీద పాత నమూనాలు

ఊరి చరిత్ర రాసుకోవడం మనకు కొత్త కాదు. కాలిన్ మెకంజీ దొర కోసం కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు, వారి తోటి ఉద్యోగులు ఊరూరా తిరిగి సేకరించిన కైఫీయతులు ఇటువంటివే. మెకంజీ 1821లో చనిపోయిన తరువాత సి.పి. బ్రౌను వాటిని శ్రద్ధగా కాపాడి, ప్రతులు రాయించారు. కైఫీయతులో ఊరు ఎవరు కట్టించారు, దేవాలయం ఎప్పుడు వెలిసింది, ఇనాములు ఎవరికి దక్కాయి, ఏ ప్రభువు ఎంతకాలం ఏలాడు అనే వివరాలుంటాయి. వాటికి ఆధారం ప్రధానంగా కరణాల దగ్గరున్న దండకవిలెలు. కాబట్టి ఊరిని కరణం చూసిన చూపే కైఫీయతులో నిలిచింది. పొలంలో పనిచేసిన మాల, మాదిగ పాలేర్లు చెప్పుకొనే కథ అందులోకి రాలేదు. వారిని అడగవలసిన అవసరమున్నదని ఎవరికీ తోచలేదు.

ఈ ప్రాంతానికి చరిత్ర రచనతో మరొక బంధమున్నది. వీరులపాడుకు పొరుగునున్న పెనుగంచిప్రోలులో 1877లో కొమర్రాజు వెంకట లక్ష్మణరావు గారు జన్మించారు. వారు 1906లో స్థాపించిన విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి చిలుకూరి వీరభద్రరావు గారి ఆంధ్రుల చరిత్రమును ప్రచురించింది. లక్ష్మణరావు గారి అక్క భండారు అచ్చమాంబ గారు అబలా సచ్చరిత్ర రత్నమాల అనే పేరుతో స్త్రీల జీవిత చరిత్రలను కూర్చారు. తమ్ముడు జాతి చరిత్రకు పూనుకొంటే, అక్క ఆ చరిత్రలో కనబడని స్త్రీలను వెదకడానికి పూనుకొన్నారు. సంఘ చరిత్రకు ఈ రెండు పనులూ కావాలి. మనం మొదటిది కొంత చేశాము. రెండవది దాదాపు ముట్టుకోలేదు.

3. మెట్ట కృష్ణాలో సువార్త, దాని జ్ఞాపకం

మెట్ట కృష్ణా సంఘాల కథలో ముందు నిలిచే పేరు రాఘవాపురం పగోలు వెంకయ్య గారిది. మాల కుటుంబంలో పుట్టిన ఈయన ఏ బోధకుడూ తన ఊరికి రాకముందే సత్యదేవుని వెదకుచు ప్రార్థించేవాడని సంఘ చరిత్రకారులు రాశారు. తరువాత బెజవాడలో సి.ఎం.ఎస్. మిషనెరీ డార్లింగ్ గారిని కలుసుకొని, 1859లో బాప్తిస్మము పొందారు. గమనించవలసిన సంగతి ఏమంటే, ఇక్కడ మిషనెరీ వెదకుచు వెళ్లలేదు, వెదకినవాడు పాలెంవాడు. ఆ తరువాత సువార్త బంధుత్వాల దారిలో, పెండ్లి సంబంధాల దారిలో, పాలెం నుండి పాలేనికి సాగింది. కోడలుగా వెళ్లిన స్త్రీ తనతో పాట, ప్రార్థన తీసుకొనిపోయింది. ఇంటింటికి తిరిగి బోధించిన బైబిల్ స్త్రీలు ఆ పనిని పెంచారు. మిషను రిపోర్టులలో వారిలో చాలామందికి అంకె తప్ప పేరు లేదు.

1912లో వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు దోర్నకల్ బిషప్పుగా అభిషిక్తులయ్యారు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. కృష్ణా-గోదావరి అధ్యక్ష మండలం కూడా వచ్చింది. పరిపాలనలోను మార్పులు జరిగాయి. నందిగామ తాలూకాలోని ఊళ్లు 1985లో మండలాలుగా విడిపోయాయి. 2022 ఏప్రిల్‌లో ఈ ప్రాంతమంతా ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరింది. నందిగామ దగ్గరి పరిటాల అయితే 1948 వరకు నైజాం ఏలుబడిలోనే ఉన్నది. ఇన్ని మార్పుల ఫలితంగా ఒకే పాలెం కాగితాలు పలుచోట్ల చెదిరిపోయాయి. సి.ఎం.ఎస్. ఉత్తరాలు, రిపోర్టులు ఇంగ్లాండులో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. పాస్టరేటు రిజిస్టర్లు ఒకచోట, భూమి దస్తావేజులు మరొకచోట, జ్ఞాపకాలు మాత్రం పాలెంలో ముసలివారి దగ్గర ఉన్నాయి. మొదటివి ఆలస్యమైనా దొరకుతాయి. చివరివి దొరకవు.

ఈలోగా మనకున్నవి జూబిలీ సంచికలు. సాధారణంగా వీటిలో బిషప్పు గారి సందేశం, సేవచేసిన గురువుల వరుస, ఆలయ నిర్మాణానికి చందా ఇచ్చినవారి జాబితా, కమిటీవారి ఫోటో ఉంటాయి. చందా ఇవ్వలేనివారు, సంఘంలో తగాదా వచ్చి వేరే సహవాసానికి వెళ్లినవారు, పనికోసం వలస పోయినవారు వీటిలో ఉండరు. ఇంకొక సంగతి కూడా నిర్మొహమాటంగా చెప్పుకోవాలి. తెలుగు దేశంలో ఒక మిషను ఎక్కువగా మాలలలో, మరొక మిషను ఎక్కువగా మాదిగలలో పనిచేసిన ప్రాంతాలున్నాయి. అటువంటి ఊరిలో ఒక పాలెంవారు సంచిక వేసి, దానికి మా ఊరి క్రైస్తవ చరిత్ర అని పేరు పెడితే, రెండవ పాలెం ఖాళీ నేల అయిపోతుంది. ప్రెయిరీ పుస్తకాలలో ఆదివాసులకు జరిగినదే ఇక్కడ పొరుగు విశ్వాసికి జరుగుతుంది.

4. నెహెమ్యా గ్రంథం మూడవ అధ్యాయం

బైబిలులో ఊరివారి చరిత్రకు మంచి మాదిరి నెహెమ్యా గ్రంథం మూడవ అధ్యాయం. ప్రసంగానికి ఎవరూ ఎన్నుకోని అధ్యాయమది. ఎవరెవరు ప్రాకారంలో ఏ భాగం కట్టారో కుటుంబాలవారీగా, వృత్తులవారీగా అందులో రాయబడింది. యాజకులున్నారు, కంసాలులున్నారు, వర్తకులున్నారు. షల్లూము కుమార్తెలు కూడా గోడ కట్టినట్లు పండ్రెండవ వచనం చెబుతుంది. తెకోవీయులలో ఘనులు పనికి మెడ వంచలేదని ఐదవ వచనం దాచకుండా చెబుతుంది. అనగా స్త్రీలను మరువలేదు, పెద్దల తప్పును కప్పలేదు. మన జూబిలీ సంచికలలో ఈ రెండూ అరుదు.

మరొక జాబితా మనలను హెచ్చరిస్తుంది. ఎజ్రా గ్రంథం రెండవ అధ్యాయంలో వంశావళి పుస్తకంలో తమ పేరు చూపలేనందున కొందరు యాజకత్వమునుండి తొలగించబడ్డారు. జాబితా మనిషిని నిలబెట్టగలదు, బయట నిలబెట్టనూగలదు. పేర్లు రాసేవాని చేతిలో ఇంతటి అధికారమున్నదని కాపరి ఎరిగి ఉండాలి.

5. పని ఎలా చేయాలి

మొదటిది, రిజిస్టరు. బాప్తిస్మము, వివాహము, భూస్థాపన రిజిస్టర్లను ముందుగా ఫోటోలు తీసి భద్రపరచాలి. పాత పేరు, కొత్త పేరు, తల్లిదండ్రుల పేర్లు, పని, బాప్తిస్మమిచ్చినవారి పేరు వంటి వివరాలు అందులో దొరకవచ్చు. చెదలు పట్టకముందే ఈ పని జరగాలి.

రెండవది, వృద్ధుల సాక్ష్యం. వారికి సంవత్సరం గుర్తుండదు, సంఘటన గుర్తుంటుంది. కాబట్టి ఏ సంవత్సరమని అడగక, పోలీసు యాక్షనుకు ముందా తరువాతా, సాగర్ కాలువకు నీళ్లు వదలిన నాటికి పెండ్లి అయిందా, దివిసీమ ఉప్పెననాటికి పిల్లలెంతమంది అని అడగాలి. అవి వరుసగా 1948, 1967, 1977. ఇంటిలో మగవారు లేని సమయంలో స్త్రీలను స్త్రీలే అడిగితే వేరొక చరిత్ర బయటపడుతుంది.

మూడవది, నేల. ఆలయ స్థలం ఎవరిచ్చారు, సమాధుల దొడ్డి ఎలా వచ్చింది, మొదటి బడి ఎవరి పంచలో నడిచింది, మంచినీటి బావి కోసం ఎవరితో పోరాడారు అనేవి సంఘ చరిత్రలో భాగమే. సువార్త వచ్చిన తరువాత కూలిలోను, చదువులోను, పిలుపులోను ఏమి మారిందో, ఏమి మారలేదో ఈ వివరాలే చెబుతాయి.

నాలుగవది, చదివి వినిపించడం. అచ్చుకు ఇవ్వకముందు రాసినదంతా సంఘంలో బిగ్గరగా చదవాలి. పొరుగు పాలెం సంఘాన్ని కూడా పిలవాలి. అభిప్రాయభేదం వచ్చినచోట ఒక కథను కొట్టివేయక, రెండు కథలూ రాయాలి. నాలుగు సువార్తలను కలిపి ఒకటిగా చేయని సంఘానికి ఇది కష్టం కాకూడదు.

6. పేరు రాసేముందు

ప్రెయిరీ రైతుకు తన పేరు పుస్తకంలో చూడడం కేవలం సంతోషం. మన పాలెంలో అది అంత తేలిక కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల గుర్తింపును హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను అందులో చేర్చారు గాని క్రైస్తవులను చేర్చలేదు. కాబట్టి ఒక విశ్వాసి పేరు, కులం, బాప్తిస్మపు తేదీ ఒకే పేజీలో అచ్చయితే అది ఆ ఇంటి చదువుకు, ఉద్యోగానికి ఎదురుగా నిలబడవచ్చు. సత్యం రాయాలనే బాధ్యత, బలహీనుని కాపాడాలనే బాధ్యత ఇక్కడ ఢీకొంటాయి.

దీనికి సులభమైన పరిష్కారం లేదు. అయినా ఒక కట్టుబాటు పెట్టుకోవచ్చు. గతించిన తరాల చరిత్రనైనా వారి వారసులతో మాట్లాడిన తరువాతనే అచ్చువేయాలి. జీవించి ఉన్నవారి వివరాలు వారి ఇష్టం లేకుండా ఒక్కటి కూడా బయటికి రాకూడదు. మిగిలినది సంఘంలో భద్రంగా ఉండే చేతిరాత పుస్తకంలో రాసిపెట్టాలి. అచ్చు కానిది కూడా చరిత్రే. ఒక సంఘం తన పేర్లను తానే దాచుకోవలసి రావడం కూడా ఆ సంఘ చరిత్రలో ఒక అధ్యాయమే. దానిని మాత్రం పేర్లు లేకుండా బాహాటంగా రాయవచ్చు, రాయాలి.

ముగింపు

యొర్దాను దాటినవారు గిల్గాలులో పండ్రెండు రాళ్లు నిలిపారు. ఈ రాళ్లేమిటని పిల్లలు అడిగినప్పుడు చెప్పడానికే వాటిని నిలిపినట్లు యెహోషువ నాలుగవ అధ్యాయం తెలియజేస్తుంది. రాళ్లు ఉండి చెప్పేవారు లేకపోతే అవి ఒట్టి రాళ్లే. మెట్ట కృష్ణాలో ఆలయాలు నిలిచే ఉన్నాయి, కొన్ని కొత్తగా, ఎత్తుగా లేచాయి. వాటి గోడమీద శంకుస్థాపన చేసిన పెద్దల పేర్లు చెక్కబడి ఉన్నాయి. మట్టి తొక్కి మొదటి పాక వేసినవారి పేర్లు చెప్పగల వృద్ధులు కొద్దిమందే మిగిలారు. ఈ వేసవి సెలవులలో స్వగ్రామానికి వెళ్లే ప్రతి సెమినరీ విద్యార్థి ఒక నోటుపుస్తకం పట్టుకొని అటువంటి ఒక్కరి దగ్గర కూర్చుంటే చాలు, పని మొదలైనట్లే.