పల్నాటిసీమలో బాలవిద్య: కథలు, రంగులు, అక్షరములు



బిడ్డకు అయిదవ యేడు రాగానే పళ్లెరములో బియ్యము పోసి, వ్రేలు పట్టి అక్షరములు దిద్దించుట మన యిండ్లలో తరతరముల ఆచారము. ఆనాడు ఇంటిల్లిపాదియు సంతసింతుము. మఱునాటినుండి ఆ బిడ్డ యేమి నేర్చుచున్నాడో, బడి యనగానే ఏల యేడ్చుచున్నాడో విచారించువారు తక్కువ. అక్షరమునకు ముందు బిడ్డ యెఱిగియుండవలసిన దేమి? ఈ ప్రశ్నకు మన పల్నాటి చరిత్రమందే సమాధానము కలదని నా నమ్మకము. దానినే నేడు మనవి చేయుదును.

మాచర్లకు చేరువనున్న నాగార్జునకొండతో ఆరంభింతము. క్రీ.శ. 3, 4 శతాబ్దములలో ఇక్ష్వాకు రాజులు విజయపురి రాజధానిగా ఏలిన తావది. ఆ శిథిలములు 1926లో వెలుగులోనికి వచ్చినవి. సాగరము నిండకముందే శిల్పములను త్రవ్వి తీసి కొండపై ప్రదర్శనశాలలో నిలిపిరి. అచటి సున్నపురాతి పలకలపై శిబి కథ, మాంధాత కథ చెక్కబడినవి. బ్రాహ్మీలిపి శాసనములును అదే తావున కలవు. శాసనమును చదువగలవారు ఆనాడు కొలదిమందియే యుందురు. పావురమును కాపాడుటకై తన మేని మాంసము కోసి యిచ్చిన రాజును చూచి గ్రహింపలేని బిడ్డ మాత్రము ఉండడు. కథ అందఱికి, అక్షరము కొందఱికి. ఈ భేదము అంత పాతది.

12వ శతాబ్దమున కారెంపూడి కడ జరిగిన పల్నాటి యుద్ధమును వీరవిద్యావంతులు నేటికిని పాడుచున్నారు. శ్రీనాథుని పేర నున్న ద్విపద కావ్యమును అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లో అచ్చొత్తించిరి. ఆ పుస్తకము రాకముందు పల్లెజనులకు ఈ కథ చెవులద్వారమే అందినది. కార్తికమాసాంతమున కారెంపూడిలో మొదలగు ఉత్సవమునకు అయిదు దినములు: రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. తండ్రి భుజముపై కూర్చున్న పసివాడు పుస్తకము లేకయే ఇది ముందు, అది వెనుక యని వరుస తెలిసికొనును. ఈ వరుస తెలియుటయే చదువునకు పునాది.

రంగులును అట్లే. కోడిపోరు కథలో నాగమ్మ పుంజు శివంగిడేగ, బ్రహ్మనాయని పుంజు చిట్టిమల్లు. మనవారు పుంజులను ఈకల వన్నెనుబట్టి పిలుతురు. ఎఱ్ఱనిది డేగ, నల్లనిది కాకి, తెల్లనిది సేతువ. మందపోరు చెప్పునపుడు ఆవులమంద వచ్చును. అందు కఱ్ఱియావు నల్లనిది, బొల్లియావు తెల్లమచ్చ కలది. పల్లెబిడ్డ రంగులను వట్టి రంగులుగా నేర్వలేదు. కోడిగా, ఆవుగా నేర్చినాడు. ఇందొక చిక్కు కలదు. తెలుగున ‘పచ్చ’ యను మాట గడ్డికిని చెల్లును, పసుపునకును చెల్లును. పచ్చనిది చూపుమన్నపుడు బిడ్డ పసుపుకొమ్మును చూపినచో తప్పు వానిది కాదు. మాటయే రెండు వన్నెలను మోయుచున్నది. చిలుక కథలో ఆకుపచ్చను, పెండ్లి కథలో పసుపును చెప్పినచో, దెబ్బ లేకయే చిక్కు విడును.

ఇక వీధిబడి. అరుగుమీద ఇసుక పఱచి వ్రేలితో ఓనమాలు దిద్దించుట దాని పద్ధతి. ఖర్చు లేనిది, చేతికి వాటము నిచ్చునది. ఇట్టి బడిని చూచియే 18వ శతాబ్దాంతమున ఆండ్రూ బెల్ దొర మద్రాసులో ఇసుకవ్రాతను ప్రవేశపెట్టి, పిల్లలచేతనే పిల్లలకు నేర్పించి, ఆ పద్ధతిని ఇంగ్లండునకు కొనిపోయెను. 1822లో గవర్నరు మన్రో దేశీయ పాఠశాలలనుగూర్చి విచారింపుడనగా, బళ్లారి కలెక్టరు కాంబెల్ 1823లో తన నివేదిక పంపెను. ఖర్చు తక్కువదనమును ఆతడు మెచ్చెను. కాని బాలురు లెక్కలేనన్ని పద్యములు వల్లించుచున్నను వాని యర్థ మెఱుగరని విచారించెను. పరదేశి మాటయని దీనిని త్రోసివేయరాదు. కంఠస్థము తప్పని నే ననను. అర్థము లేని కంఠస్థము ఎండిన బావిలో చేద వేయుటయే. రాత్రి అమ్మమ్మ ఒడిలో కథ, పగలు బడిలో బెత్తము. కథకు అక్షరము లేదు, అక్షరమునకు కథ లేదు.

ఇంతకంటె పెద్ద లోప మొకటి కలదు. బ్రహ్మనాయడు చాపకూడు పెట్టి అన్ని కులములవారిని ఒక పంక్తిని కూర్చుండబెట్టెననియు, మాల కన్నమదాసును కొడుకుగా చేపట్టెననియు కథ చెప్పుచున్నది. ఆ కథ విన్న యూళ్లలోనే కన్నమదాసు వాడవారి బిడ్డలకు బడియరుగు అందలేదు. 1849లో ఫాదర్ హేయర్ గురజాలకు వచ్చిన పిమ్మట, కాలక్రమమున మిషను బడులు అట్టివారిలో కొందఱికి అక్షరము నిచ్చినవి. 1895లో వినుకొండలో జన్మించిన గుఱ్ఱము జాషువ చిన్ననాటి అవమానములను దాటి మహాకవి యయ్యెను. దాటలేక నిలిచిపోయినవారి పేళ్లు చరిత్రలో లేవు.

ఇతర దేశములవారును ఈ త్రోవనే వెదకిరి. 1658లో కొమీనియస్ బొమ్మల పాఠపుస్తకమును వెలువరించెను. జర్మనీలో ఫ్రోబెల్ పసివారికి ఆరు రంగుల ఊలుబంతు లిచ్చెను. రంగుపలకలతో నేర్పు మాంటిసోరి 1939లో మద్రాసు అడయారునకు వచ్చి ఉపాధ్యాయులకు తర్ఫీదు నిచ్చెను. 1938లో తెరచిన మద్రాసు రేడియో కేంద్రమునుండి న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు అన్నయ్య, అక్కయ్యలై పిల్లలకు కథలు వినిపించిరి. 1945లో ‘బాల’ పత్రికను నెలకొల్పిరి. చెవికి తెలిసిన గొంతు అచ్చులోనికిని వచ్చెను. కథయు అక్షరమును అచట కలిసికొనెను.

2022లో పల్నాడు నరసరావుపేట ముఖ్యస్థానముగా జిల్లా యయ్యెను. బడులు పెరిగినవి, పుస్తకములు పెరిగినవి. కథ చెప్పు పెద్దలు తగ్గరాదు.

నా మనవి చిన్నది. బాలచంద్రుని బొంగరపు కథ చెప్పుడు. ఆ బొంగరము తగిలి నొచ్చిన అన్నమ్మయే ఆతనికి యుద్ధవార్త తెలిపినది. కథ ముగిసిన పిదప ఒక బొంగరమునకు ఎఱ్ఱరంగు పూసి బిడ్డ చేతికిండు. ఇసుకలో ‘బొంగరము’ అని వ్రాసి చూపుడు. మాట మొత్తము గుర్తుపట్టనిచ్చి, అక్షరములను పిమ్మట విడదీయుడు. మఱునాడు ‘కోడి’, ఆ మఱునాడు ‘ఆవు’. దినమునకు ఒక కథ, ఒక రంగు, ఒక మాట చాలును. మీ మనుమని ప్రక్కనే పొరుగువాడ బిడ్డను గూడ కూర్చుండబెట్టుడు. చాపకూడు కథ చెప్పుచు ఒక బిడ్డను అరుగు క్రింద నిలుపరాదు గదా.