ఓడ రాని రోజు కూలి ఎవరిచ్చారు?

ఈ ఎపిసోడ్ మా ఊరు వెంకటాచలం నుంచే రికార్డ్ చేస్తున్నా. వెనకాల హారన్లు వినపడితే ఏమీ అనుకోవద్దు, ఇల్లు హైవే పక్కనే. కృష్ణపట్నం పోర్టుకి పోయే లారీలు రాత్రీ పగలూ తిరుగుతానే ఉంటాయి.

మొన్న నెల్లూరు పోయినప్పుడు మాగుంట లేఅవుట్‌లో నా బీటెక్ క్లాస్‌మేట్ కనిపించాడు. డెలివరీ బ్యాగ్ పక్కన పెట్టుకుని బండి మీద కూర్చోనున్నాడు. ఏందిరా ఈడ అంటే, "పదకొండుకి లాగిన్ అయినా మావా, ఇప్పటికి రెండే పడ్డాయి" అన్నాడు. టైం మూడు దాటింది. ఆ రెండు ఆర్డర్లకీ డబ్బులొస్తాయి. మిగతా టైం సంగతేంటి?

ఈ ప్రశ్న నాకు కొత్త కాదండి. హైదరాబాద్‌లో నేను పనిచేసిన ఒక కంపెనీలో, పేరు వద్దులెండి, ఇలాంటి యాప్‌కే కోడ్ రాశాను. రైడర్ ఆర్డర్ యాక్సెప్ట్ చేశాకే పేమెంట్ లెక్క మొదలవుతుంది. అంతకు ముందు అతని స్టేటస్ 'ఐడిల్'. ఆ ఐడిల్ టైంని సెకన్లతో సహా దాచేవాళ్ళం. ఏ ఏరియాలో ఎంతమంది రెడీగా ఉన్నారో తెలిస్తేనే కదా కస్టమర్‌కి తొందరగా పంపగలిగేది! అంటే అతను ఖాళీగా కూర్చోవడం మాకు పనికొచ్చేది, దానికి అతనికి మాత్రం రూపాయి రాదు. అప్పుడు నాకు ఇందులో తప్పేమీ కనిపించలేదు. నిజం చెప్తున్నా.

ఈ గొడవ స్మార్ట్‌ఫోన్ కంటే చాలా పాతది. ఓడరేవుల్లో మొదలైంది. 1889లో లండన్ రేవు దగ్గర పొద్దున్నే వందలమంది గేటు ముందు నిలబడేవాళ్ళు. ఫోర్‌మన్ వచ్చి కొందర్ని వేలు చూపించి పిలిచేవాడు. ఒక్కోసారి గంటసేపు పని, తర్వాత ఇంటికి పో అనడమే. ఆ ఏడాది ఆగస్టులో సమ్మె చేశారు. గంటకి 6 పెన్నీలు ఇవ్వాలన్న డిమాండ్ అందరికీ గుర్తుంది. దాని పక్కనే ఇంకోటి ఉంది: పిలిస్తే కనీసం 4 గంటల పని ఇవ్వాలి. నాకైతే ఇదే ముఖ్యం అనిపిస్తుంది. గెలిచారు కూడా.

మన దేశంలోనూ రేవుల్లో అదే పద్ధతి. ఓడ వస్తే పని, రాకపోతే పస్తు. మధ్యలో మేస్త్రి. డాక్ కూలీలను రిజిస్టర్ చేయాలని 1931లోనే రాయల్ కమిషన్ ఆన్ లేబర్ చెప్పింది. చట్టం మాత్రం 1948లో వచ్చింది. దాని కింద ఒక్కో పోర్టుకి ఒక్కో స్కీము పెట్టారు, మన విశాఖపట్నానికి 1959లో.

ఆ స్కీము ఎలా పనిచేసిందో కొంచెం ఆగి చూద్దాం. కూలీ పేరు బోర్డు దగ్గర రిజిస్టర్ అవుతుంది. పని వంతుల ప్రకారం పంచుతారు, మేస్త్రికి నచ్చినవాడికి కాదు. పొద్దున హాజరై పని దొరక్కపోతే హాజరు భత్యం. నెలకి ఇన్ని రోజుల కూలి గ్యారంటీ. మరి డబ్బులెవరివి? సరుకు ఎక్కించి దించే స్టీవెడోర్ కంపెనీల నుంచి లెవీ వసూలు చేశారు. ఈరోజు నా దగ్గర, రేపు ఇంకోడి దగ్గర చేసేవాడికి యజమాని ఎవరు అనే చిక్కుముడిని అలా విప్పారు. అందరూ కలిసి కట్టండి అన్నారు, అంతే.

అలాగని దాన్నేదో స్వర్ణయుగం చేయను. రిజిస్టర్‌లో పేరు లేనివాడి గతి పాతదే. తర్వాత కంటైనర్లొచ్చి చాలామంది పనే పోయింది. 2008లో మొదలైన మా కృష్ణపట్నం అయితే ప్రైవేటు పోర్టు.

అయినా ఆ లెవీ ఐడియా బతికింది. 1969లో మహారాష్ట్ర మాథాడీ హమాలీల చట్టంలోకి వచ్చింది, 2023లో రాజస్థాన్ గిగ్ వర్కర్ల చట్టంలోకి వచ్చింది. కేంద్రం 2020లో చేసిన సామాజిక భద్రతా కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకొచ్చింది. అందులో యాప్ కంపెనీలు టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం కట్టాలని ఉంది, వర్కర్లకి ఇచ్చే మొత్తంలో 5 శాతం మించకుండా. తెలంగాణ కూడా 2025 ఏప్రిల్‌లో సొంత బిల్లు ముసాయిదా బయటపెట్టింది. దాని వెనక షేక్ సలావుద్దీన్ నడిపే గిగ్ వర్కర్ల యూనియన్ ఏళ్ళ తరబడి చేసిన పోరాటం ఉంది. 2025 డిసెంబర్ 31న సమ్మెకి పిలుపిచ్చిన వాళ్ళలో వీళ్ళూ ఉన్నారు. పది నిమిషాల డెలివరీ ఆపాలన్నది అందులో ఒక డిమాండ్.

కానీ జాగ్రత్తగా చదవండి. ఈ లెవీ ఇన్సూరెన్స్‌కి, ఆరోగ్యానికి, ముసలితనానికి. మావాడు బండి మీద కూర్చున్న ఆ టైంకి ఇందులో ఏమీ లేదు. ఎందుకంటే కోడ్ అతన్ని యజమాని–ఉద్యోగి సంబంధానికి బయట ఉన్నవాడిగానే నిర్వచించింది. బ్రిటన్ సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో ఉబర్ కేసులో వేరేలా చెప్పింది: డ్రైవర్ తన ఏరియాలో యాప్ ఆన్ చేసి, రైడ్ తీసుకోవడానికి సిద్ధంగా ఉంటే అది పని టైమే. నా పాత కోడ్‌లో ఆ ఐడిల్ కాలమ్ ఉందని చెప్పా కదా. లెక్క కట్టడం కష్టం అని ఏ కంపెనీ అయినా అంటే నమ్మకండి, లెక్క రెడీగా ఉంటుంది.

ఇదంతా మావాడికి చెప్తా ఉంటే ఫోన్ మోగింది. వేదాయపాళెం ఆర్డర్. హెల్మెట్ పెట్టుకుంటా, "పని దొరక్కపోయినా డబ్బులిచ్చారా? నిజంగానా?" అన్నాడు.

"1959 స్కీములోనే రాసుంది రా" అన్నా.

నవ్వి, బండి స్టార్ట్ చేశాడు.