జెల్కో ఒబ్రదోవిచ్

జెల్కో ఒబ్రదోవిచ్ (జననం: మార్చి 9, 1960) సెర్బియా దేశానికి చెందిన సుప్రసిద్ధ బాస్కెట్‌బాల్ శిక్షకుడు, మాజీ క్రీడాకారుడు. ఐరోపా క్లబ్బుల అత్యున్నత పోటీ అయిన యూరోలీగ్‌ను (పూర్వపు పేరు యూరోపియన్ ఛాంపియన్స్ కప్) శిక్షకుడిగా 9 పర్యాయాలు గెలుచుకున్నాడు. ఈ విజయాలు 5 వేర్వేరు క్లబ్బులతో సాధించినవి కావడం విశేషం. ఇతడి తరువాతి స్థానంలో ఉన్న అలెగ్జాండర్ గొమెల్‌స్కీ, పెద్రో ఫెర్రాందిజ్, బొజిదార్ మాల్కోవిచ్, ఎత్తొరే మెస్సీనా తలా 4 సార్లు మాత్రమే ఈ పోటీని గెలిచారు. 31 సంవత్సరాల వయసులో, శిక్షకుడిగా ఎటువంటి అనుభవం లేకుండా, యుద్ధం మొదలైన దేశంలో ఒక జట్టు బాధ్యతలు స్వీకరించి, మొదటి సంవత్సరంలోనే ఐరోపా విజేతగా నిలపడంతో ఇతడి పేరు వెలుగులోకి వచ్చింది.

బాల్యం, క్రీడాజీవితం

ఒబ్రదోవిచ్ అప్పటి యుగోస్లావియాలో, మధ్య సెర్బియాలోని చాచక్ పట్టణంలో జన్మించాడు. చాచక్ చిన్న పట్టణమే అయినా బాస్కెట్‌బాల్‌కు పేరు పొందినది. 1970లలో ఐరోపాలోని మేటి ఆటగాళ్ళలో ఒకడైన డ్రాగన్ కిచానోవిచ్ కూడా ఈ ఊరివాడే. ఒబ్రదోవిచ్ స్థానిక క్లబ్బు బోరాచ్‌లో ఆట నేర్చుకుని, 1984 వరకు ఆ జట్టుకే ఆడాడు. ఆ సంవత్సరం రాజధాని బెల్‌గ్రేడ్‌లోని పార్టిజాన్ క్లబ్బులో చేరాడు.

ఇతడు పాయింట్ గార్డ్ స్థానంలో ఆడేవాడు. బంతిని ముందుకు తీసుకువెళ్ళి, ఎవరికి ఎప్పుడు అందించాలో నిర్ణయించే బాధ్యత ఈ స్థానంలోని ఆటగాడిది. పార్టిజాన్ తరఫున 1987లో యుగోస్లావియా లీగ్‌ను, 1989లో కొరాచ్ కప్‌ను గెలుచుకున్నాడు. జాతీయ జట్టు సభ్యుడిగా 1988 సియోల్ ఒలింపిక్స్‌లో రజత పతకాన్ని, 1990లో అర్జెంటీనాలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో స్వర్ణ పతకాన్ని పొందాడు.

శిక్షకుడిగా మారిన తీరు

1991 వేసవిలో ఒబ్రదోవిచ్ రోమ్‌లో జరగబోయే యూరోపియన్ ఛాంపియన్‌షిప్ కొరకు జాతీయ జట్టు శిక్షణా శిబిరంలో ఉన్నాడు. అప్పుడు పార్టిజాన్ క్లబ్బు నిర్వాహకుడిగా ఉన్న కిచానోవిచ్, జట్టు శిక్షకుడి పదవి చేపట్టమని ఇతడిని కోరాడు. ఇతడు అంగీకరించి, శిబిరాన్ని విడిచి, క్రీడాకారుడిగా అక్కడితో విరమించుకున్నాడు. ఆ నిర్ణయం వల్ల ఒక స్వర్ణ పతకం చేజారింది. రోమ్‌లో యుగోస్లావియా విజేతగా నిలిచింది. అయితే అది ఉమ్మడి యుగోస్లావియా జట్టు సాధించిన చివరి విజయం. పోటీలు జరుగుతున్న రోజులలోనే, జూన్ 25న, స్లొవేనియా, క్రొయేషియా స్వాతంత్ర్యం ప్రకటించుకున్నాయి. స్లొవేనియా ఆటగాడు యూరె జ్డోవ్స్ తన ప్రభుత్వ ఆదేశం మేరకు సెమీఫైనల్‌కు ముందే జట్టును వీడవలసి వచ్చింది.

యుగోస్లావియా బాస్కెట్‌బాల్‌లో యువకులకు శిక్షణ బాధ్యతలు అప్పగించడం కొత్త కాదు. 1979లో సరయేవోకు చెందిన బోస్నా క్లబ్బు యూరోపియన్ ఛాంపియన్స్ కప్ గెలిచినప్పుడు దాని శిక్షకుడు బొగ్దాన్ తాన్యెవిచ్ వయసు 32 సంవత్సరాలే. కానీ తాన్యెవిచ్‌కు అప్పటికే కొన్నేళ్ళ అనుభవం ఉంది. ఒబ్రదోవిచ్ మాత్రం నిన్నటి వరకు తనతో కలిసి ఆడిన సహచరులకే ఆదేశాలు ఇవ్వవలసిన పరిస్థితి.

ఈ లోటును పూరించడానికి క్లబ్బు అలెగ్జాండర్ నికోలిచ్‌ను సలహాదారుగా నియమించింది. "ప్రొఫెసర్"గా పేరుపొందిన నికోలిచ్ యుగోస్లావియా బాస్కెట్‌బాల్ పితామహులలో ఒకడు. ఇటలీకి చెందిన వరేజే క్లబ్బును 3 సార్లు ఐరోపా విజేతగా నిలిపాడు. 1978లో యుగోస్లావియాకు ప్రపంచ ఛాంపియన్‌షిప్ సాధించిపెట్టాడు. వ్యాయామ ప్రణాళిక, రక్షణ వ్యూహం, ప్రత్యర్థి ఆటను అధ్యయనం చేయడం వంటి విషయాలలో ఒబ్రదోవిచ్ ఇతడిని తన గురువుగా భావిస్తాడు.

1991-92: సొంత మైదానం లేని జట్టు

దేశంలో యుద్ధం మొదలైనందున, యుగోస్లావియా క్లబ్బులు ఐరోపా పోటీలలోని తమ సొంత మ్యాచ్‌లను దేశం వెలుపల ఆడుకోవాలని అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య (ఫిబా) ఆదేశించింది. పార్టిజాన్ స్పెయిన్ రాజధాని మాడ్రిడ్ శివారులోని ఫుయెన్లాబ్రాదా పట్టణాన్ని ఎంచుకుంది. క్రొయేషియా క్లబ్బులైన సిబోనా, స్ప్లిట్ కూడా ఆ సంవత్సరం స్పెయిన్‌లోనే ఆడాయి.

దీనివల్ల పార్టిజాన్ జట్టుకు పరాయి ఊరిలో ఆడే మ్యాచ్‌లకే కాక "సొంత" మ్యాచ్‌లకు కూడా విమానంలో ఐరోపాను దాటి వెళ్ళవలసి వచ్చింది. సొంత మైదానం వల్ల కలిగే అనుకూలత జట్టుకు పూర్తిగా పోయినట్లే అని అందరూ భావించారు. అయితే ఫుయెన్లాబ్రాదా ప్రజలు ఈ యువ జట్టును తమదిగా స్వీకరించి, ఫెర్నాందో మార్తిన్ క్రీడా ప్రాంగణానికి తరలివచ్చి ప్రోత్సహించారు. జట్టు "పార్టిజాన్ దె ఫుయెన్లాబ్రాదా" అనే ముద్దుపేరు పొందింది.

జట్టులో విదేశీ ఆటగాళ్ళు లేరు. వ్లాదె దివాచ్, జార్కో పాస్పల్ వంటి ప్రముఖులు అప్పటికే క్లబ్బును వీడి వెళ్ళారు. మిగిలినవారిలో ముఖ్యులు అలెగ్జాండర్ జోర్జెవిచ్, ప్రెద్రాగ్ దనీలోవిచ్, జెల్కో రెబ్రాచా. ఫైనల్ నాటికి వీరి వయసు వరుసగా 24, 22, 20 సంవత్సరాలు. క్రొయేషియాలోని రియెకాకు చెందిన ఇవో నాకిచ్ కూడా ఈ జట్టులో కొనసాగాడు.

గ్రూపు దశలో పార్టిజాన్ నాలుగవ స్థానంలో నిలిచి, అతికష్టం మీద క్వార్టర్ ఫైనల్ చేరింది. అక్కడ ప్రత్యర్థి ఇటలీకి చెందిన క్నార్ బొలోన్యా. ఆ జట్టు శిక్షకుడు ఎత్తొరే మెస్సీనా కూడా 32 ఏళ్ళ యువకుడే. మూడు మ్యాచ్‌ల ఈ పోరులో మొదటి మ్యాచ్‌ను బెల్‌గ్రేడ్‌లో ఆడుకోవడానికి ఫిబా అనుమతించింది. ఆ సంవత్సరం పార్టిజాన్ ఐరోపా పోటీలలో స్వదేశంలో ఆడిన మ్యాచ్ అదొక్కటే. ఆ మ్యాచ్‌ను గెలిచి, రెండవదానిని ఓడి, నిర్ణాయకమైన మూడవ మ్యాచ్‌ను బొలోన్యాలోనే గెలుచుకుంది.

ఇస్తాంబుల్ ఫైనల్

చివరి నాలుగు జట్ల పోటీ 1992 ఏప్రిల్‌లో టర్కీలోని ఇస్తాంబుల్ నగరంలో జరిగింది. అదే నెల మొదటి వారంలో బోస్నియాలో యుద్ధం మొదలై, సరయేవో ముట్టడికి గురైంది. సెమీఫైనల్‌లో పార్టిజాన్ ఇటలీకి చెందిన ఫిలిప్స్ మిలానోను 82-75 తేడాతో ఓడించింది.

ఏప్రిల్ 16న జరిగిన ఫైనల్‌లో ప్రత్యర్థి స్పెయిన్‌కు చెందిన జోవెంతుత్ బదలోనా. చివరి క్షణాలలో తోమాస్ హోఫ్రెసా బుట్టలో వేసిన బంతితో జోవెంతుత్ 70-68 ఆధిక్యం పొందింది. వెంటనే బంతిని అందుకున్న జోర్జెవిచ్ మైదానం పొడవునా పరుగెత్తి, గాలిలోకి లేచి మూడు పాయింట్ల షాట్ వేశాడు. పార్టిజాన్ 71-70తో గెలిచింది. దనీలోవిచ్ పోటీల ఉత్తమ ఆటగాడిగా ఎంపికయ్యాడు. సెర్బియాకు చెందిన ఒక క్లబ్బు ఈ కప్ గెలవడం అదే మొదటిసారి. అదే సంవత్సరం పార్టిజాన్ దేశవాళీ లీగ్‌ను, కప్‌ను కూడా గెలుచుకుంది.

ఆంక్షలు

ఈ విజయానంతరం ఆరు వారాలకే, మే 30న, ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి 757వ తీర్మానం ద్వారా యుగోస్లావియాపై ఆంక్షలు విధించింది. ఇవి వాణిజ్యానికే కాక క్రీడలకు కూడా వర్తించాయి. బాస్కెట్‌బాల్ జాతీయ జట్టు బార్సిలోనా ఒలింపిక్స్‌లో పాల్గొనలేకపోయింది. ఐరోపా విజేత అయిన పార్టిజాన్‌కు తన కప్‌ను నిలబెట్టుకునే అవకాశం కూడా లేకపోయింది. జట్టు చెదరిపోయింది. తాము ఓడించిన క్లబ్బులలోనే జోర్జెవిచ్ మిలానోలో, దనీలోవిచ్ బొలోన్యాలో చేరారు. ఒబ్రదోవిచ్ మరొక సంవత్సరం బెల్‌గ్రేడ్‌లోనే ఉండి, దేశవాళీ పోటీలకు మాత్రమే జట్టును నడిపి, 1993లో స్పెయిన్‌కు తరలివెళ్ళాడు.

స్పెయిన్‌లో

ఇతడిని ఆహ్వానించిన క్లబ్బు ఇస్తాంబుల్‌లో ఓడిపోయిన జోవెంతుత్ బదలోనా. రెండేళ్ళ క్రితం తమ చేతిలోంచి కప్‌ను తీసుకుపోయిన శిక్షకుడి ఆధ్వర్యంలో ఆడి, ఆ ఆటగాళ్ళలో పలువురు 1994 ఏప్రిల్‌లో టెల్ అవీవ్‌లో అదే కప్‌ను అందుకున్నారు. ఫైనల్‌లో గ్రీసు క్లబ్బు ఒలింపియాకోస్‌పై 59-57తో గెలిచారు. కోర్నీ థాంప్సన్ చివరి క్షణాలలో వేసిన మూడు పాయింట్ల షాట్ విజయాన్ని నిర్ణయించింది. జోవెంతుత్ చరిత్రలో ఇది ఏకైక ఐరోపా ఛాంపియన్ కప్.

ఇంత తక్కువ స్కోర్లకు ఆనాటి నియమాలు కూడా ఒక కారణం. అప్పట్లో ఫిబా పోటీలలో ఒక జట్టు బంతిని 30 సెకన్ల వరకు తన వద్ద ఉంచుకోవచ్చు. ఈ పరిమితి 2000లో 24 సెకన్లకు తగ్గింది. నిదానంగా, ప్రతి అవకాశాన్ని లెక్కించి ఆడే శైలికి పాత నియమం అనుకూలించేది.

1994లో ఒబ్రదోవిచ్ రియల్ మాడ్రిడ్‌కు మారాడు. 1995లో సరగోసాలో ఒలింపియాకోస్‌ను మళ్ళీ ఓడించి (73-61), ఆ క్లబ్బుకు 1980 తరువాత మొదటి ఐరోపా కప్ సాధించాడు. లిథువేనియాకు చెందిన ఆజానుబాహువు అర్విదాస్ సబోనిస్ ఈ విజయంలో ముఖ్యపాత్ర పోషించాడు. 35 ఏళ్ళ వయసుకే ఒబ్రదోవిచ్ 3 క్లబ్బులతో 3 కప్పులు గెలిచాడు. ఆంక్షల వల్ల పాల్గొనలేని 1993 సంవత్సరాన్ని మినహాయిస్తే, ఈ పోటీలో అప్పటివరకు అడుగుపెట్టిన ప్రతిసారీ గెలిచినట్లే.

తరువాతి జీవితం

1997 నుండి 1999 వరకు ఇటలీలోని బెనెట్టన్ ట్రెవీజోకు శిక్షణ ఇచ్చాడు. 1999లో గ్రీసు రాజధాని ఏథెన్స్‌లోని పానథినైకోస్‌లో చేరి 13 సంవత్సరాలు కొనసాగాడు. ఈ కాలంలో 5 యూరోలీగ్ కప్పులు, 11 గ్రీసు లీగ్ విజయాలు సాధించాడు. 2013లో టర్కీ క్లబ్బు ఫెనర్‌బాచేలో చేరి, 2017లో ఒక టర్కీ జట్టుకు మొట్టమొదటి యూరోలీగ్ కప్‌ను ఇస్తాంబుల్‌లోనే సంపాదించిపెట్టాడు. పాతికేళ్ళ క్రితం ఇతడు మొదటి కప్ అందుకున్నది కూడా ఆ నగరంలోనే. 2020లో ఫెనర్‌బాచేను వీడి, 2021లో తన మొదటి క్లబ్బు పార్టిజాన్‌కు తిరిగి వచ్చాడు. 2023, 2025 సంవత్సరాలలో ఎడ్రియాటిక్ లీగ్ గెలిచి, 2025 నవంబరులో రాజీనామా చేశాడు.

జాతీయ జట్టు శిక్షకుడిగా 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో రజతం, 1997 యూరోపియన్ ఛాంపియన్‌షిప్‌లో స్వర్ణం, 1998 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో స్వర్ణం, 1999 యూరోపియన్ ఛాంపియన్‌షిప్‌లో కాంస్యం సాధించాడు. అన్నీ విజయాలే కావు. 2005లో స్వదేశంలో జరిగిన యూరోపియన్ ఛాంపియన్‌షిప్‌లో సెర్బియా-మాంటెనెగ్రో జట్టు ఫ్రాన్సు చేతిలో ఓడి, పతకాల పోటీకి చాలా ముందే నిష్క్రమించింది. ఆటగాళ్ళ మధ్య ఐకమత్యం లేదని ఒబ్రదోవిచ్ విలేఖరుల ఎదుటే చెప్పి పదవి నుండి తప్పుకున్నాడు.

శిక్షణ విధానం, శిష్యులు

ఒబ్రదోవిచ్ క్రమశిక్షణకు, ముక్కుసూటితనానికి పేరుపొందాడు. మ్యాచ్ మధ్య విరామాలలో ముఖం ఎర్రబారేంతగా ఆటగాళ్ళపై కేకలు వేయడం ప్రేక్షకులకు సుపరిచితమైన దృశ్యం. గట్టి రక్షణ, ఓపికగా బంతిని పంచుకోవడం, ప్రత్యర్థి బలహీనతను బట్టి మ్యాచ్ మధ్యలోనే వ్యూహం మార్చడం ఇతడి జట్ల లక్షణాలు.

ఇతడి వద్ద పనిచేసినవారు పలువురు తరువాత ప్రముఖ శిక్షకులయ్యారు. పానథినైకోస్‌లో ఇతడి సహాయకుడైన దిమిత్రిస్ ఇతుదిస్ 2016లో సి.ఎస్.కె.ఎ. మాస్కో జట్టుతో యూరోలీగ్ గెలిచాడు. ఆ ఫైనల్‌లో ఓడినది గురువు జట్టు ఫెనర్‌బాచేయే. 2025 ఫైనల్‌లో తలపడిన ఇద్దరు శిక్షకులు, ఫెనర్‌బాచేకు చెందిన షారూనాస్ యసికెవిచుస్, మొనాకోకు చెందిన వసీలిస్ స్పనూలిస్, ఇద్దరూ పానథినైకోస్‌లో ఇతడి ఆధ్వర్యంలో ఆడినవారే. ఆ పోటీలో యసికెవిచుస్ జట్టు విజేతగా నిలిచింది.

యూరోలీగ్ విజయాలు

* 1992 - పార్టిజాన్ (ఇస్తాంబుల్)
* 1994 - జోవెంతుత్ బదలోనా (టెల్ అవీవ్)
* 1995 - రియల్ మాడ్రిడ్ (సరగోసా)
* 2000 - పానథినైకోస్ (థెస్సలొనీకి)
* 2002 - పానథినైకోస్ (బొలోన్యా)
* 2007 - పానథినైకోస్ (ఏథెన్స్)
* 2009 - పానథినైకోస్ (బెర్లిన్)
* 2011 - పానథినైకోస్ (బార్సిలోనా)
* 2017 - ఫెనర్‌బాచే (ఇస్తాంబుల్)

ఇవి కూడా చూడండి

* బాస్కెట్‌బాల్
* యుగోస్లావియా
* సెర్బియా
* ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి