కోత నుంచి కోర్టు దాకా

సోమాలియాలో ఆడపిల్లల సుంతీ అంటే చాలాకాలం ఒకటే అర్థం: జననాంగాన్ని కోసి, అంచులు కలిపి కుట్టి, మూత్రానికీ బహిష్టుకీ సన్నటి దారి వదలడం. దీనికి 'ఫరో సుంతీ' అని పేరు. తేలికపాటి కోతను 'సున్నత్' అంటారు. పెళ్లి సంబంధాలు రావాలంటే తప్పదని తల్లులూ అమ్మమ్మలే దగ్గరుండి చేయించేవారు. 2006 యూనిసెఫ్ సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో సుమారు 98 శాతం మందికి ఏదో ఒక రకం సుంతీ జరిగింది.

1991లో సోమాలియాలో సియాద్ బారే ప్రభుత్వం కూలాక లక్షల మంది దేశం విడిచారు; కొందరు పాశ్చాత్య దేశాలకు చేరారు. అప్పటికే స్వీడన్‌లో 1982 నుంచి, బ్రిటన్‌లో 1985 నుంచి ఈ ఆచారాన్ని నిషేధించే చట్టాలున్నాయి.

అమెరికాలో వివాదం ఆసుపత్రిలో పుట్టింది. సియాటిల్‌లోని హార్బర్‌వ్యూ వైద్య కేంద్రంలో, మగబిడ్డ పుడితే సుంతీ చేయించాలా అని గర్భిణులను అడగడం మామూలు. కొందరు సోమాలీ స్త్రీలు, ఆడపిల్ల పుట్టినా చేయమన్నారు. కాదంటే పిల్లలను నాటు మంత్రసానుల దగ్గరికి తీసుకెళ్తారని వైద్యులు భయపడ్డారు. మత్తు ఇచ్చి, ఏ భాగమూ తీయకుండా చిన్న గాటు పెడితే చాలదా అని 1996లో ఆలోచించారు. నిరసనలు వెల్లువెత్తాయి. అదే ఏడాది అమెరికా కాంగ్రెస్ నిషేధ చట్టం చేసింది, ఆసుపత్రి వెనక్కి తగ్గింది. మగపిల్లల సుంతీ కంటే చిన్నదైన ఆ గాటు పెద్ద కోతను ఆపేదో లేదో తేలనే లేదు.

చట్టం కంటే లోతైన మార్పు ఇళ్లలో జరిగింది. స్వీడన్‌లోని సోమాలీలను పరిశీలించిన మానవశాస్త్రవేత్త సారా యోన్స్‌డాటర్ 2002లో ఆ సంగతి రాశారు. కూతుళ్లకు సుంతీ చేయించని అరబ్బు ముస్లింలు వలసదేశంలో ఇరుగుపొరుగయ్యారు. మతం చెప్పిందనుకున్నది నిజానికి ఆచారమేనా అన్న ప్రశ్న అక్కడ లేచింది. ఫరో సుంతీ పాపమని వాదించేవారు పెరిగారు.

ఈ మార్పు అధికారుల చూపుకు ఆనలేదు. బ్రిటన్ విమానాశ్రయాల్లో సెలవులకు వెళ్లొచ్చే కుటుంబాలను పోలీసులు ప్రశ్నించసాగారు. 2015 నుంచి, 18 ఏళ్లలోపు పిల్లకు కోత జరిగిందని తెలిస్తే టీచర్లు, వైద్య సిబ్బంది పోలీసులకు చెప్పి తీరాలి. 2018లో బ్రిస్టల్‌లో ఒక సోమాలీ తండ్రి మీద పెట్టిన కేసు విచారణ మధ్యలోనే వీగిపోయింది. ఆచారం మానేసిన మేము కూడా అనుమానితులమేనా అని అక్కడి సోమాలీ కుటుంబాలు నొచ్చుకున్నాయి.

అలాగని ఆచారం పూర్తిగా పోలేదు. 2006లో మూడేళ్ల బ్రిటిష్ పాపను కెన్యా తీసుకెళ్లి కోత చేయించడానికి తోడ్పడిన సోమాలియా మూలాలున్న మహిళను లండన్ కోర్టు 2023లో దోషిగా తేల్చింది, మరుసటి ఏడాది ఏడేళ్ల శిక్ష వేసింది. ఆ పాప పదహారేళ్ల వయసులో తన టీచరుకు చెప్పుకున్నాకే విషయం బయటపడింది.