స్వతంత్రపూర్ నుంచి సాంగానేర్ దాకా

'మా దైవం' (1976)లో ఎన్టీ రామారావు కరుడుగట్టిన ఖైదీలను దారిలో పెట్టే జైలు అధికారి. ఆ కథకు మూలం శాంతారాం 1957లో తీసిన 'దో ఆంఖే బారహ్ హాథ్'. శాంతారాంకు కథ దొరికింది ఔంధ్ సంస్థానంలో. అక్కడి రాజు భవన్‌రావ్ పంత్ ప్రతినిధి, పోలండ్ నుంచి వచ్చి గాంధేయుడైపోయిన ఇంజనీరు మారిస్ ఫ్రిడ్‌మన్ మాట విని, 1939లో ఘోర నేరాలకు శిక్షపడ్డవాళ్లను ఆట్పాడి దగ్గర బయట పొలాల్లో ఉంచాడు. ఆ చోటికి పెట్టిన పేరు స్వతంత్రపూర్. సంస్థానం తన ప్రజలకు పాలన అప్పగించిందీ ఆ రోజుల్లోనే. ఖైదీల సంగతి అందులో భాగమే అనుకోవాలి.

శాంతారాం సినిమా మార్పునంతా జైలరు కళ్లకు కట్టబెట్టింది. ఆ చూపు వెంటాడుతుంటే ఆరుగురు హంతకులు కరుగుతారు. తెరమీద బాగుంటుంది గానీ, స్వతంత్రపూర్‌లో ఖైదీల వెంట కుటుంబాలున్నాయి, పండించాల్సిన చేలున్నాయి. మనిషిని కట్టిపడేసింది అవే అని నాకనిపిస్తుంది.

స్వాతంత్ర్యం వచ్చాక, ఖైదీలను గోడల బయట ఉంచే ఈ ఆలోచనను పెద్ద ఎత్తున పట్టుకున్నవాడు ఉత్తరప్రదేశ్ నేత సంపూర్ణానంద్. 1952లో బనారస్ జిల్లా చంద్రప్రభ ఆనకట్ట పనికి ఖైదీలను కూలి ఇచ్చి పెట్టించాడు. మన దగ్గర మౌలాలీలో 1954లో, అనంతపురంలో 1965లో ఖైదీల వ్యవసాయ క్షేత్రాలు వెలిశాయి. సంపూర్ణానంద్ రాజస్థాన్ గవర్నరుగా ఉండగానే 1963లో జైపూర్ పక్కన సాంగానేర్ ఆరుబయలు జైలు మొదలైంది.

సాంగానేర్‌ది వేరే తంతు. శిక్షలో మూడోవంతు గడిపి, మంచి నడవడి చూపినవాళ్లనే అక్కడికి పంపుతారు. ఖైదీ ఇల్లాలితో, పిల్లలతో కాపురం ఉంటాడు. పొద్దున్నే పనికి పోయి, సాయంత్రం హాజరు వేళకు తిరిగొస్తాడు. తిండికి, కరెంటుకు తన సంపాదనే. హాజరు పిలిచేదీ, తగవులు తీర్చేదీ ఖైదీలే ఎన్నుకున్న పంచాయతీ. ఒకడు పారిపోతే మాట పడేది పక్కింటివాళ్లంతా.

ఇంత చేసినా ఒక లోటుంది. ఇక్కడి జవాబుదారీ అంతా సర్కారుకీ, సాటి ఖైదీలకీ, సొంత ఇంటికీ. ప్రాణం పోయిన ఇంటివాళ్లకు ఖైదీ సంపాదనలో వాటా ఇప్పించాలని గానీ, అతణ్ణి ఆరుబయలు జైలుకు పంపేముందు వాళ్ల మాట వినాలని గానీ ఈ ఏర్పాటును తలపెట్టినవాళ్లు పట్టించుకోలేదు.